తట్టి చెప్పమంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు

నా ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయట. ఏ రకం జబ్బో తేలాలంటే లోపలి నుంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాలని ఈ రోజు కోలారులో డాక్టరమ్మ చెప్పింది. నా కూతురు సరోజ అప్పుడే సంతకానికి పెన్ను తీసింది.

నేను కేజీఎఫ్ గనిలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి. పైకప్పు రాయిని ఇనుప కడ్డీతో తట్టి, చప్పుడు విని, కింద మనుషులు నిలబడొచ్చో లేదో చెప్పేవాణ్ణి.

"నువ్వూ తట్టి చెప్పమ్మా. డొల్ల రాయిలో ముక్క తీస్తే కప్పే మీద పడతాది" అన్నాను.

"తట్టితే తేలేది కాదప్పా. ఆ భయం నాకూ ఉండాది. మీ వయసుకి ముక్క తీసినాక ఆయాసం ఎక్కువ కావచ్చు. తీయకుంటే సరైన మందేదో తెలీదు. అందుకే మిమ్మల్ని అడిగేది" అంది.

సరోజ ఊరుకోలేదు. "అందరికీ చెప్పినావు కదా నాయనా, నీ సంగతి నువ్వు చెప్పుకోలేవా?"

 డాక్టరమ్మకి సోమవారం చెబుతానని లేచి వచ్చేశాను. భయపడ్డానని సరోజకి చెప్పలేదు, మీకు చెబుతున్నాను. ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళుంటే ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయండి. ధైర్యం చెప్పేవాళ్ళు రాయనక్కరలేదు.