అక్కను లేవనివ్వని ప్రేమ

మొండితనం మా నాయన మా అక్క జ్ఞానమ్మకు ఒక్కదానికే ఇచ్చిపోయిన ఆస్తి. బడిలో టీచరుగా రిటైరయ్యాక కూడా ఎవరినీ పని ముట్టనిచ్చేది కాదు. అలాంటి మనిషి వానాకాలంలో స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు, "ఆరు వారాల్లో నడవకపోతే ఇక మంచమే. ఇంటికి పంపే ముందు నడక నేర్పే సెంటర్లో ఉంచండి," అన్నాడు.

మా బావ జయానందం మెదక్‌లోనే, చర్చికి దగ్గరున్న సెంటరును ఎంచుకున్నాడు. మనవాళ్లు వచ్చిపోతుంటారు కదా అని నేనూ తలూపాను. అక్కడే ఇద్దరం పప్పులో కాలేశాం.

మా చర్చిలో ఒకరు మంచాన పడితే స్త్రీల సమాజం ఊరుకుంటుందా! పొద్దున పదిమంది, సాయంత్రం పదిమంది. ప్రార్థన, పాట, ఆపైన టిఫిన్ డబ్బా. అక్క కాలు కింద పెట్టబోతే చాలు, "వద్దు టీచరమ్మా, మేం లేమా?" అని మళ్లీ పడుకోబెట్టేవారు. వ్యాయామం చేయించే నాజ్ అనే అమ్మాయి ప్రార్థన మధ్యలో పిలవలేక గుమ్మం నుంచే తిరిగిపోయేది. రెండు వారాలైనా అక్క ఒక్క అడుగు వేయలేదు.

"ప్రేమతోనే మంచానికి కట్టేస్తుండ్రు ఆంటీ," అంది నాజ్ నాతో. "తూప్రాన్‌ల ఒక సెంటరుంది. ఆదివారం సాయంత్రం తప్ప ఎవర్నీ రానియ్యరు. ఆడికి తోలుకపోండ్రి."

బావ ముఖం వాడిపోయింది. "గంత దూరమా? రోజు చూడకుంటే నేనెట్లుంటనే ఎలిశిబా?"

నాకు ఒళ్లు మండింది. "చూసుకుంట కూసుంటవా, నడిపించుకుంటవా బావా? జర చెప్పు!"

మంచం మీది నుంచి అక్కే అంది, "పంపుండ్రి. నాకు మనింటికి రావాలనుంది."

"టీచరమ్మను అడవిల పడేస్తుండ్రా?" అని సమాజమంతా నా మీద పడింది. పడనీ అనుకున్నాను.

మా చర్చిలో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చుంటారు. ఆరాధన అయ్యాక ఆడవాళ్ల తలుపు దగ్గర అక్క కోసం నిలబడడం బావకు పెళ్లైనప్పటి నుంచీ అలవాటు. ఆమె తూప్రాన్‌లో ఉందని తెలిసీ ఆ తలుపు దగ్గరే నిలబడేవాడు. "పా బావా, తూప్రాన్ బస్సు పోతది," అని కసురుకునేదాన్ని గానీ, అక్క లేకుండా బయటికొచ్చే ఆ ఆడవాళ్ల గుంపును చూస్తే నాకూ ఏడుపొచ్చేది.

నాలుగో ఆదివారం మేం వెళ్లేసరికి అక్క వరండా చివర కుర్చీలో ఉంది. మమ్మల్ని చూసి వాకర్ పట్టుకుని లేచింది. బావ ఉరికాడు.

"ముట్టకుండ్రి! ఆడనే ఉండుండ్రి," అంది.

బావ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అక్క చెమటలు కక్కుతూ, ఆగుతూ, పళ్లు కొరుకుతూ వరండా అంతా దాటి ఆయన ముందుకు వచ్చింది. వాకర్‌ను పక్కకు జరిపి, నుదురు ఆయన భుజం మీద ఆనించింది.

"ఇగ పట్టుకోండ్రి," అంది.