ఇప్పచెట్టు కింద సోమక్క

గొల్లపల్లి సోమక్కది పెద్ద నోరని ఊరంతా అనేవారు. ఉండదూ మరి? మొగుడు పోయి, పిల్లాజెల్లా లేక, ఇంట్లో పలకరించే దిక్కులేని మనిషి కోళ్లనైనా తిట్టుకోవాలి కదా! బస్తరు రాజుల ఏలుబడి నాటి మాట ఇది. ఆమెకు మిగిలింది ఊరవతల ఒక ఇప్పచెట్టు. దాని పువ్వు మీదే బతుకు.

మా వైపు ఎవరి ఇప్పచెట్టు వాళ్లదే. పువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకులు కాలుస్తారు. నేల నల్లబడినంత మేరా పరాయివాళ్లు కాలు పెట్టరు. తెల్లవారకముందే ఏరడం మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు. ఇంటిల్లిపాదీ ఏరేవాళ్లకు అది చెల్లుతుంది. సోమక్కవి రెండే చేతులు. వదిలేసి పోతే పశువులు మేస్తాయని మధ్యాహ్నం దాకా వంగే ఉండేది. పూతకాలంలో ఆ చెట్టుకు ఆకులే ఉండవు, ఇక నీడ ఎక్కడిది?

ఆ రోజు సొరబుర్రలో జావ అయిపోయింది. తల దిమ్మెక్కింది. అంతలో చెమట ఆగిపోయింది. "హమ్మయ్య, చల్లబడింది" అనుకుందట, పిచ్చిది! అదే వడదెబ్బ అని తెలియక ఇంకాస్త ఏరి, అక్కడే ఒరిగిపోయింది.

పక్క చెట్టు కింద ఏరుకునే లక్మే అనే ఆమె ఇంటికి పోతూ చూసింది. నల్లనేల అంచున ఆగి, "సోమక్కా, ఓ సోమక్కా!" అని అరిచింది. సోమక్కకు వినబడుతూనే ఉంది, నాలుక తిరగలేదు. లోపలికి పోతే దొంగ అంటారని లక్మే భయం. కానీ ఊరికే విరుచుకుపడే మనిషి తిట్టకపోయేసరికి లోపలికి పరుగెత్తింది. సోమక్క ఒళ్లు పెనంలా కాలుతోంది. పొదల నీడకు ఈడ్చి, తన కుండలో మిగిలిన నీళ్లన్నీ ఒంటిమీద పోసి, కొంగుతో విసురుతూ కూర్చుంది.

సోమక్క కళ్లు తెరుస్తూనే, "ఎవతివే నా చెట్టు కిందికొచ్చింది?" అంది. వెంటనే లక్మే చెయ్యి పట్టుకుని భోరుమంది. "మనిషి చెయ్యి తగిలి ఎన్నేండ్లయిందే! రేపు గంప తెచ్చుకో, ఇద్దరం ఏరుకుందాం."

"అమ్మో, మా ఇంటోళ్లు ఊకోరక్కా. పొద్దెక్కితే పిలుస్తాలే."

అన్నట్టే రోజూ అంచున నిలబడి కేకేసేది. "సోమక్కా, ఎండ నెత్తికెక్కింది, లెగు!"

"నాకు తెల్వదా ఏంది? పోవే!" అంటూ సోమక్క గంప ఎత్తుకునేది.

నిజంగానే తెలిసేది. ఆ దెబ్బ తర్వాత కాస్త ఎండకే ఆమెకు కళ్లు తిరిగేవి. అయినా ఆ కేక వినబడేదాకా లేచేది కాదు.