ఎర్రర్, మేడమ్

ప్రేమమణి చేతి దెబ్బ తినకుండా చిలకలగూడలో కంప్యూటర్ నేర్చుకున్నవాడు లేడు. స్కేలు వాడదు, మౌసు తీగతో మెటికల మీద కొడుతుంది. తీగ లేని మౌసులు వచ్చాయి కదా మేడమ్ అంటే, అందుకే మీరిలా చెడిపోయారంటుంది. వయసు యాభై దాటింది. వాళ్ల నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి మిషన్ బడిలో లెక్కలు చెప్పాడు. ఆ గొంతు, ఆ కోపం ఈమెకు వచ్చాయి. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చిలో వెనక బెంచీ, మిగతా రోజులన్నీ ఈ షట్టర్ గది.

మొదట్లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్పేది. అమెరికా డాక్టర్లు గొణిగింది విని టైపు చేసే పని. ఆ పనిని యంత్రాలు మింగేశాక ప్రోగ్రామింగ్ నేర్చుకుని అది చెప్పడం మొదలుపెట్టింది. బోర్డు మార్చడానికి మాత్రం బద్ధకించింది. ఒక గాలివానకి ఆ బోర్డు సగం విరిగిపడింది. మిగిలింది 'మెడికల్ ట్రాన్స్'.

"అమ్మా, ఆ బోర్డు తీయించండి," అన్నాడు గది యజమాని రామభద్రరావు. "నిన్న ఎవడో వచ్చి, మగవాణ్ణి ఆడదాన్ని చేసే ఆపరేషన్‌కి ఎంతవుతుందని నన్ను అడిగాడు."

"మీరేం చెప్పారు?"

"గది నాది, ఆపరేషన్ సంగతి ఆవిడ్ని అడగమన్నాను. నవ్వకండి. మీ దగ్గర చేరిన మగపిల్లలు ఆడపిల్లలైపోతున్నారని వీధంతా ఒకటే గోల."

గోలకు ఆధారం లేకపోలేదు. ఏ బ్యాచీలో చూసినా అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. కాప్రా నుంచి వచ్చే సత్యదేవ్ వాళ్ల ఇంట్లోవాళ్ల లెక్కలో కూతురు. వీళ్లంతా ఇక్కడికే ఎందుకొస్తారు? కారణం చాలా చిన్నది. ప్రేమమణి హాజరు పిలవదు. ఒకే బ్యాచీలో ముగ్గురు సాయికిరణ్‌లు చేరినప్పుడు విసుగెత్తి, "లాగిన్‌కి మీకు నచ్చిన పేరు పెట్టుకుని చావండి, నేను దాంతోనే పిలుస్తా" అంది. పుట్టిన దగ్గర్నుంచీ తమది కాని పేరుతో పిలిపించుకున్నవాళ్లకు ఆ తిట్టే చాలింది. ఒకరు ఇంకొకరికి చెప్పారు. పైగా కోడ్ రాసేవాళ్ల గొంతు ఎలా ఉందో, గడ్డం ఉందో లేదో మెషిన్‌కి అక్కర్లేదు. మిగతా అన్నిచోట్లా దాక్కున్నవాళ్లు ఇక్కడ బయటపడ్డారు. వీధికి మాత్రం వాళ్లు ఇక్కడే తయారవుతున్నట్టు కనిపించింది.

నీహారిక అలా వచ్చినదే. సర్టిఫికెట్లలో పేరు అభిరామ్, తండ్రి టెంట్ హౌస్ పర్వతాలు. ప్రేమమణికి మొదట నోరు తిరగలేదు. "నీహారిక వచ్చాడా?" అనేది. బ్యాచీ మొత్తం ఒక్క గొంతుతో "ఎర్రర్, మేడమ్!" అని అరిచేది. రోజూ తమ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి తన్నే మనిషి అలా దొరికితే ఎవరు వదులుతారు? ఇలా పిలవడం పాపమా అని ఒక వారం బైబిలు తిరగేసింది కూడా. కానీ పిల్లకాయల చేత తప్పు పట్టించుకోవడం ఆమెకు పాపం కంటే పెద్ద అవమానం. నెలలు పట్టింది. నాలుక ఒకసారి తిరిగాక, నిద్రలో లేపి అడిగినా "వచ్చింది, వెళ్లింది" అనే అనేది.

ఈ వేసవిలో పర్వతాలుకు సంగతి తెలిసింది. కొడుకును టెంట్ గోదాములో స్తంభానికి కట్టేసి, భుజాల దాకా పెరిగిన జుట్టు గొరిగించి, బెల్టు ఇనుప కొసతో వీపు చీరేశాడు. ఊరవతల ఒక బాబా దగ్గర గొలుసు వేసి ఉంచితే నయమైపోతుందని ఎవరో చెప్పారు. కారు మాట్లాడే లోపల నీహారిక గోదాము రేకు ఎత్తి పారిపోయి ప్రేమమణి దగ్గర పడింది. వీపు చూసి ప్రేమమణి యూపీఎస్ బ్యాటరీలుండే వెనక గదిలో చాప వేసింది. బెంగళూరులో ఉన్న పాత విద్యార్థులతో మాట్లాడి పని, ఉండే చోటు చూసింది. సాయంత్రం రైలుకి టికెట్ తీసింది.

ఆ మధ్యాహ్నమే పర్వతాలు వచ్చాడు. వెనక నలుగురు టెంట్ హౌస్ కుర్రాళ్లు, చేతుల్లో ఇనుప పైపులు.

"నమస్తే మేడం. మావోడు ఏడున్నడు?"

"చెప్పులు బయట విడవండి."

"చెప్పుల ముచ్చట తర్వాత. నీకు సుత తెల్వదనుకుంట మేడం. నన్ను మోసం జేసినట్టే నిన్ను జేసిండు. జెర చెప్పు, తోల్కపోత. మా ఇంటి తక్లీఫ్ మేం చూస్కుంటం."

అతడి గొంతులో నిజంగానే బతిమాలడం ఉంది. ప్రేమమణి కుర్చీలోంచి లేవలేదు. ఏం చెప్పాలో పొద్దుటి నుంచీ అనుకునే ఉంది.

"ఇక్కడ లేదు. పొద్దున్నే వెళ్లిపోయింది."

పైపు పట్టుకున్న రాములు మెడ ముందుకు సాచాడు. "అన్నా, ఇన్నవా? పోయింది అంటుంది. పోయిండు అంటలేదు."

'లేడు, వెళ్లిపోయాడు' అనాల్సిందని ఆమెకు తట్టింది. అప్పటికే ఆలస్యమైపోయింది. పర్వతాలు ముఖంలో బతిమాలడం ఇగిరిపోయింది.

"నేనడిగింది కొడుకు సంగతి. నువ్వు చెప్పింది బిడ్డ ముచ్చట. ఇగ సమజైంది. చేసింది నువ్వే!"

"నేనేం చేశాను?"

"బోర్డు మీదనే రాసుకున్నవ్ కదనే!"

మొదటి పైపు మానిటర్‌లోంచి దూరి గోడకు తగిలింది. తర్వాత వరసగా బల్లలు, సీపీయూలు, ఫ్యాను, చివరికి కరెంటు డబ్బా. ప్రేమమణి చేతికి కీబోర్డు దొరికింది. ముందుకొచ్చినవాడి మూతి మీద అడ్డంగా కొట్టింది. మీటలతో పాటు ఒక పన్ను కూడా రాలింది. పక్కనున్నవాడి పైపు ఆమె కుడి మణికట్టు మీద పడింది. ఎముక చప్పుడు ఆమెకే వినిపించింది. పర్వతాలు జుట్టు పట్టి తలను గోడకేసి బాదాడు.

"ఎంతమందిని జేసినవే?"

"ఒక్కర్నీ చెయ్యలేదురా! వచ్చినవాళ్లను పేరు పెట్టి పిలిచా!"

మళ్లీ బాదాడు. చెవిలోంచి రక్తం వెచ్చగా మెడ మీదికి కారింది. అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. గుండుతో, ప్రేమమణి పాత చుడీదార్‌లో నీహారిక నిలబడింది.

"మేడంని ఇడిసిపెట్టు నాయినా. నేనొస్త."

"లోపలికి పో!" అని నేల మీద నుంచి అరిచింది ప్రేమమణి.

"మిమ్మల్ని సంపుతరు మేడం."

ఇద్దరు నీహారిక చేతులు విరిచి పట్టుకుని వాకిలి వైపు ఈడ్చారు. వాళ్లకంటే ముందు ప్రేమమణి మోకాళ్ల మీద వాకిలికి పాకింది. ఆ షట్టర్ స్ప్రింగు ఎప్పుడో పోయింది. రోజూ ఒక కడ్డీ ఆనించి నిలబెడుతుంది. పడిందంటే ఒరిగి గాడిలో ఇరుక్కుంటుంది, బయటి నుంచి గునపం పెట్టి ఎత్తాల్సిందే. ఆమె కడ్డీని కాలితో తన్నింది.

షట్టర్ పిడుగులా పడింది. గది చీకటైపోయింది.

ఆ చీకట్లో ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియలేదు. ఒకడు ఫోన్ లైటు వేయబోతే నీహారిక తలతో వాడి ముక్కు పగలగొట్టింది. పర్వతాలు గాలిలో పైపు తిప్పాడు. "అన్నా, నన్నే!" అని రాములు ఏడ్చాడు. నీహారిక వెతుక్కుంటూ వచ్చి ప్రేమమణి మీద బోర్లా పడుకుంది. మానని వీపు మీద నాలుగైదు దెబ్బలు పడ్డాయి. తర్వాత నీహారిక చేతికీ ఒక పైపు దొరికింది. చిన్నప్పటి నుంచి ప్రతి పెళ్లికీ ఎత్తిన పైపే, బరువు బాగా తెలుసు. తండ్రి గొంతు వినిపించినచోట మోకాలి ఎత్తున ఒక్కటేసింది. అతడు కూలిపోయాక మూలుగు వినిపించినచోట మళ్లీ వేసింది. మళ్లీ వేసింది. "చాలే!" అని ప్రేమమణి ఆమె చుడీదార్ పట్టి లాగితేగాని ఆగలేదు.

బయట జనం పోగయ్యారు. వెల్డింగ్ షాపువాళ్లు గునపాలు పెట్టి షట్టర్ ఎత్తేసరికి ముందు వరసంతా ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉంది.

"ఏదిరా అది? ఏడుంది?"

హిజ్రా అంటే వాళ్లు చూడాలనుకున్నది పట్టుచీర, మోత చప్పట్లు. కనబడింది ఒక పిల్ల, రక్తం కారుతున్న పెద్దావిడను భుజానికెత్తుకుని.

"జరుగుండ్రి, పాపం ఆడపిల్ల ఒక్కతే మోస్తుంది!"

"గుండు చూసినవా? తిరుపతి పోయొచ్చినట్టుంది."

లోపల పర్వతాలు మోకాలు పట్టుకుని వేలు చూపించాడు. "అగో వాడే! పోతుండు! వాడిని పట్టుకోండ్రి!"

జనం వాడి కోసం చూశారు. పారిపోతున్న వాడంటే వాళ్లకు కనబడింది రాములే. పది చేతులు వాడిని పట్టుకుని ఈడ్చాయి. వాడు "నేను గాదన్నా, నేను గాదు!" అంటున్నకొద్దీ తన్నారు. పోలీసులు వచ్చేసరికి నీహారిక ప్రేమమణిని ఆటోలో ఎక్కించేసింది.

ఆసుపత్రి గేటు దగ్గర దిగగానే, "నువ్వు రైల్వే స్టేషన్‌కి పో," అంది ప్రేమమణి.

"ఇట్ల ఇడిసిపెట్టి ఎట్ల పోను మేడం?"

"పోకపోతే ఈ చేత్తోనే కొడతా."

నీహారిక స్ట్రెచర్ వచ్చేదాకా నిలబడింది. అదే ఆటోలో వెళ్లిపోయింది.

రెండు రోజులకు రామభద్రరావు బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. పళ్ల సంచీ ముడి విప్పుతూ మొదలుపెట్టాడు.

"గది ఖాళీ చేయండమ్మా. మీ తప్పు కాదు, ఆ లైనే అంతట. అస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుంటే ఒంట్లో ఏదో మారిపోతుందట కదా."

"పాతికేళ్లుగా కూర్చున్నా రావుగారూ. నాకు మీసం రాలేదు."

ఆయన ఒక బత్తాయి తీసి ఒలవసాగాడు.

"పగలనివి ఏమైనా మిగిలాయా?" అడిగింది ఆమె.

"ఒకటో రెండో ఉన్నాయి."

"బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటికి పంపించండి. వరండాలో పెట్టుకుంటా. కొత్త బ్యాచీ వాళ్లు ఫోన్ చేస్తున్నారు."