తెల్లకార్డులో ఐదో పేరు

మా తెల్లకార్డులో ఐదో పేరు అమ్మది. ఆ పేరు ఎక్కేనాటికి అమ్మ లేదు. రేషను డీలరు కనపడ్డప్పుడల్లా తీసేయించమంటాడు. ఆవిడ బియ్యం నాకొద్దు, పేరు మాత్రం ఉండనీ అంటాను.

నాన్న పోయాక అమ్మకు మేమిద్దరం వంతులు వేసుకున్నాం. మూడు నెలలు పల్లెలో అన్నయ్య దగ్గర, మూడు నెలలు పర్చూరులో నా దగ్గర. మా వైపు ఇందులో వింతేమీ లేదు. పొలం పంచుకున్న అన్నదమ్ములు తల్లినీ పంచుకుంటారు. పెద్దమనుషులు కూర్చుని కాగితం కూడా రాసిచ్చారు. వంతు మారే రోజు అమ్మ పొద్దున్నే రేకుపెట్టె సర్దుకుని గడప దగ్గర కూర్చునేది. ఒక్కరోజు ఎక్కువ ఉంచుకుంటే అదే అలవాటవుతుందేమోనని మా భయం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, అప్పుడది న్యాయంగానే తోచేది.

కొత్త కార్డుల కోసం ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకునే ఆయన వచ్చినప్పుడు అమ్మ నా వంతులోనే ఉంది. వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఆయన నన్నూ, నా భార్యనూ, పిల్లలిద్దరినీ రాసుకుని కలంతో అమ్మ వైపు చూపించాడు.

"పెద్దావిడ కూడా మీతోనేనాండీ?"

ఒక పేరు ఎక్కువైతే నాలుగు కిలోల బియ్యం ఎక్కువ వస్తాయి. వాటి మీద ఆశ లేకపోలేదు. కానీ నా బుర్ర ఇంకా ముందుకు పోయింది. కార్డులో ఎక్కిందంటే అమ్మ పూర్తిగా నా పాలే. "నీ కార్డులోనే ఉందిగా, నువ్వే చూసుకో" అని రేపు అన్నయ్య అంటే, పెద్దమనుషుల కాగితం ఎందుకు పనికొస్తుంది? నా అతితెలివి తగలెయ్య!

"కాదండీ, మా అన్నయ్య దగ్గరుంటుంది. ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చింది" అన్నాను.

అమ్మ తలెత్తలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది. మిరపకాయల ఘాటు కాబోలనుకున్నాను.

పల్లెలో అన్నయ్య కూడా అచ్చం ఇలాగే చెప్పాడని నాకు తెలియదు. ఒక్క కడుపున పుట్టినవాళ్లం, వేరే బుద్ధి ఎక్కణ్ణుంచి వస్తుంది!

కొన్నేళ్లకు, తెల్లకార్డు ఉన్నవాళ్లకు పెద్ద ఆపరేషన్లు కూడా ప్రభుత్వమే చేయించే పథకం వచ్చింది. ఆ తర్వాత ఒక వేసవిలో అమ్మకు నాలుగడుగులు వేస్తే ఆయాసం మొదలైంది. గుండె రక్తనాళాలు పూడుకుపోయాయనీ, ఆపరేషన్ ఆలస్యం చేయొద్దనీ గుంటూరులో డాక్టరు చెప్పాడు. సొంతంగా చేయించే తాహతు మా ఇద్దరికీ లేదు. కార్డుందిగా అన్న ధీమాతో ఆస్పత్రిలో పథకం బల్ల దగ్గరకు వెళ్లాను. అక్కడి అమ్మాయి కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో ఆవిడ పేరు లేదు గదండీ."

"మా అన్నయ్య కార్డులో ఉంటుందమ్మా."

ఫోన్ చేస్తే అన్నయ్య మధ్యాహ్నానికల్లా బస్సు దిగాడు. జేబులోంచి కార్డు తీయకుండానే అడిగాడు.

"ఏరా, నీ కార్డులో లేదా?"

ఇద్దరి కార్డులూ తీసి బల్ల మీద పెట్టాం.

ఆ మర్నాటి నుంచి మండలాఫీసు చుట్టూ తిరిగాం. నా కార్డులో రాయండంటే నా కార్డులో రాయండని ఇద్దరం పోటీపడ్డాం. ఆ ప్రేమేదో నాలుగేళ్ల ముందు ఏడిస్తే ఎంత బాగుండేది! చివరికి నా కార్డులో ఎక్కించడానికి ఒప్పుకున్నారు. ఆ కాగితం కదిలి వచ్చేలోపు, అన్నయ్య వంతులో, అమ్మ పోయింది. నా తల్లిని నా నోటితో నేనే పోగొట్టుకున్నాను. డాక్టర్లు ఏమైనా చెప్పనీ, నేను నమ్మేది అదే.

అయినా ఆ తిరుగుడంతా ఒక ఎత్తు, ఆ రోజు బల్ల దగ్గర జరిగింది ఒక ఎత్తు. ఆ అమ్మాయి మా రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. పాపం, విసుక్కోలేదు కూడా.

"మరి ఆవిడ అసలు ఎవరి దగ్గరుంటారండీ?"

అన్నయ్య నా మొహం చూశాడు, నేను అన్నయ్య మొహం చూశాను. పక్కన బెంచీ మీద రొప్పుతూ కూర్చున్న అమ్మ, ఇక మమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకన్నట్టు, తనే నెమ్మదిగా చెప్పింది.

"ఇద్దరి దగ్గరా చుట్టపుచూపుగానే ఉంటానమ్మా."