స్క్రూడ్రైవర్‌తో విన్న డిస్క్

మా అక్కకు గాజువాకలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దుకాణం ఉంది. జాకెట్ల మీద కుట్టే నెమళ్ళు, లతలు, అంచులు అన్నీ తనే కంప్యూటర్‌లో గీసుకుంటుంది. వాటికోసం తగరపువలస నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్ళున్నారు. ఒకరోజు ఆన్ చేస్తే, డిస్క్ కనపడటం లేదని నల్లతెర మీద ఒక్క ముక్క వచ్చి ఆగిపోయింది. ఆ డిజైన్లకు ఇంకో కాపీ ఎక్కడా లేదు. రిపేరు షాపతను కాసేపు విని, డిస్క్ పోయింది, కొత్తది వేసుకోండి అన్నాడట. అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

ఏదైనా పోయిందని ఎవరు పడితే వాళ్ళు అంటే నమ్మే రకం కాదు నేను. అసలేం పోయింది? లోపలి పళ్ళెం తిరగటం మానేసిందా, దాన్ని చదివే ముల్లు చెడిందా, లేక కరెంటే సరిగ్గా అందటం లేదా? మూడింటికీ ఒకే మాట వాడతారు, నాకదే చిరాకు.

నేను వెళ్ళేసరికి బావ కంప్యూటర్ పెట్టె మూత విప్పి కూర్చున్నాడు. ఆయనది స్టీల్ ప్లాంటు మిల్లులో బేరింగులు చూసే పని. స్క్రూడ్రైవర్ మొన డిస్క్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టుకున్నాడు. మిల్లులో బేరింగు బాగోగులు అలాగే తేలుస్తారు.

"బాగానే తిరుగుతంది. సప్పుడేటీ లేదు," అన్నాడు.

"టిక్కు టిక్కుమని కొడతంది కదండీ," అంది అక్క.

"నీకన్నీ అనుమానాలే."

నేను వంగి విన్నాను. అక్క చెప్పినట్టే ఆగి ఆగి కొడుతోంది. స్క్రూడ్రైవర్ తీసుకుని నేనూ పెట్టుకున్నాను. తిరిగే మోత నిలకడగా ఉంది, దాని మీద టిక్కు కూడా స్పష్టంగా ఉంది. అంటే బావ మాట సగం నిజం, మోటారు బతికే ఉంది. మిగతా సగం ఆయనకెందుకు అందలేదు? డిస్క్ సంగతికన్నా అదే నన్ను ఎక్కువ తొలిచింది. మొండితనం అనుకున్నాను, ఆయనకు ఇంట్లో ఆ పేరుంది.

ముందు డేటా వైరు మార్చాను. లాభం లేదు. కరెంటు ప్లగ్గు లాగి చూస్తే లోపలి రేకులు నల్లబడి ఉన్నాయి. సముద్రపు గాలికి మా ఊళ్ళో గేటు గడియలే తుప్పుపట్టి రాలిపోతాయి, ఇవెంత. డిస్క్ వైపు రేకుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, వాడకుండా వదిలేసిన ఇంకో ప్లగ్గు పెట్టి ఆన్ చేశాను.

టిక్కు ఆగిపోయింది. కాసేపటికి తెర మీద అక్క నెమళ్ళు ఒక్కొక్కటే వచ్చాయి. "వచ్చేసినాయిరా," అని నా భుజం గట్టిగా పట్టుకుంది. ముందు వీటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు, ఆనక సంతోషపడుదువుగాని అన్నాను.

బావ మళ్ళీ స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు. "ఇందాకా ఇలాగే ఉంది కదా. మరేటి మారింది?" అని నన్నడిగాడు. అందులో వాదన లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

నాకప్పుడు తెలిసింది. ఎముకలోంచి వచ్చే బరువైన మోత ఒక్కటే ఆయనకు అందుతోంది. సన్నని చప్పుళ్ళన్నీ మిల్లు ఎప్పుడో తీసేసుకుంది.

అక్కకూ అర్థమైంది. మౌస్ వదిలేసి ఆయన వెనక్కి వెళ్ళి, మెల్లగా అడిగింది. "ఎన్నాళ్ళనుంచి ఇనబడ్డం లేదండీ?"

బావ నెమళ్ళనే చూస్తున్నాడు. అక్క ముందుకొచ్చి, ఆయనకు తన మొహం కనపడేలా తెరకు అడ్డంగా నిలబడి మళ్ళీ అడిగింది.