లారీ గాలి

ఆ రోజుల్లో చింతామణి ఆసుపత్రి నర్సమ్మ కాన్పులు చేయడానికి ఎక్కడికి పోయినా సైకిల్ మీదే. వెనక లారీ చప్పుడు వినిపిస్తే చాలు, దిగి, సైకిలును రోడ్డు పక్కకు దించి, లారీ దాటిపోయేదాకా హ్యాండిల్ గట్టిగా పట్టుకుని నిలబడేది.

నా భార్య తొలి కాన్పు రోజున ఆమెను పిలుచుకుని మా ఊరు కెంచార్లహళ్ళికి వస్తున్నాను. నాదీ సైకిలే. దారిలో ఆమె అలాగే దిగింది. నాకు కోపం వచ్చింది.

"ఇంటికాడ నా పెండ్లాం నొప్పులు పడ్తాండాది. మీరు ఈడ నిలబడితే ఎట్లమ్మా?"

"లారీ మనల్ని రాసుకుంటా పోతే, గాలి మొదట బయటికి తోస్తాదప్పా. సర్దుకునేలోగా దాని పక్కకే లాగేస్తాది. మా ఆయన్ని అట్లే లాగేసింది. నేనూ పడితే నీ పెండ్లాం దగ్గరికి ఎవరు పోతారు?"

నేనూ దిగి ఆమె పక్కన నిలబడ్డాను. లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆమె చీరచెంగు రోడ్డువైపుకు ఎగిరింది.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ బిడ్డకు నీళ్ళు పోసి, నా చేతుల్లో పెట్టి, వాకిట్లోకి వచ్చి సైకిల్ తీసింది. ఉండబట్టలేక అడిగాను.

"అంత భయం పెట్టుకోని సైకిల్ ఎందుకమ్మా? బస్సులో రాకూడదా?"

ఆమె నవ్వింది.

"బస్సొచ్చేదాకా బిడ్డలు ఆగుతారా అప్పా?"