పేర్లు చెప్పని గదిలో మొదటి సాక్షి

మా ఆయన జమ్మలమడుగు దగ్గర ఒక నాయకుడికి జీపు తోలేవాడు. ఫ్యాక్షన్ రోజులు. ముందొక జీపు, వెనకొక జీపు, మధ్యలో ఈయన. భయం పోవడానికి తాగుతున్నానని చెప్పేవాడు. భయం పోలేదు గానీ తాగుడు మాత్రం అలవాటై ఉండిపోయింది. పొద్దున్నే చేతులు వణికేవి. విషం కలుపుతారని భయపడి ఊళ్లో ఏ ఇంట్లోనూ మంచినీళ్లు కూడా తాగని ఆ నాయకుడు, ఆ వణికే చేతులకు ప్రాణం అప్పగించి వెనక సీట్లో కునుకు తీసేవాడు.

ఒకరోజు ముద్దనూరు దాటాక జీపు రోడ్డు దిగి శనగ చేలో బోల్తాపడింది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. మర్నాడు పేపర్లో హత్యాయత్నమని వచ్చింది. పులివెందుల వైపున్న ఎదుటి పార్టీవాళ్లలో కొందరి మీద మా నాయకుడి వాళ్లు కేసు పెట్టారు. మా ఆయనే మొదటి సాక్షి. ఊళ్లో ఆయనకు గౌరవం పెరిగింది. ఆ గౌరవం భరించలేక ఇంకా ఎక్కువ తాగాడు.

నేను బడిలో టీచరును. మాది మిషను కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం. ఉపవాస ప్రార్థనలు పెట్టించాను. మా అత్త చెప్పిందని ఏదో ఆకు పసరు అన్నంలో కలిపాను. ఆయన వాంతులు చేసుకుని, తగ్గినాక, తగ్గిన సంతోషానికి మళ్లీ తాగాడు. చివరికి ఆస్పత్రిలో ఒక నర్సమ్మ చెప్పింది, ప్రొద్దుటూరులో ఒక చర్చి వెనక గదిలో ఆదివారం మధ్యాహ్నాలు తాగుడు మానినవాళ్లు కూడతారని. మందేమిస్తారని అడిగాను. ఏమీ ఇవ్వరు, మాట్లాడుకుంటారంతే అంది. ఇంట్లో మాటలకు ఏం తక్కువని అనుకుంటూనే, బట్టలు కొనాలని చెప్పి ఆయన్ను బస్సెక్కించాను.

అక్కడ మొదటి నియమం ఎవరూ పేరు, ఊరు, పార్టీ చెప్పకూడదు. మా జిల్లాలో ఎవరి మనిషివని అడిగాకే మంచినీళ్లిస్తారు. ఆ గదిలో ఏమీ అడక్కుండానే టీ ఇచ్చారు. రెండో నియమం, లోపల విన్నది బయట చెప్పకూడదు. ఆయన మూలన కూర్చుని, ఊరికే చూడ్డానికొచ్చానన్నాడు. అందరూ తలలూపారు. వాళ్లూ మొదటిరోజు అదే చెప్పారట.

కొన్ని వారాలు అలా చూడ్డానికే పోయాడు. చూస్తూ చూస్తూ తాగడం మానేశాడు. ఇంటివాళ్లను కూడా లోపల కూర్చోమన్న ఒక ఆదివారం, ఆయన లేచి మాట్లాడాడు. తలెత్తకుండా చెప్పాడు.

"ఆ పొద్దు మా జీపు మీదికి ఎవురూ రాలేదు. నేనే తాగి చేలోకి తోలినా. పాపం ఎవుర్నో కేసులో పెట్టినారు."

ఆ రోజే కొత్తగా వచ్చి, ఎదురుగా గోడకానుకుని కూర్చున్న మనిషి టీ గ్లాసు కింద పెట్టాడు. అప్పుడు గుర్తుపట్టాను. కేసులో ముద్దాయి, బెయిలు మీదున్నాడు. కోర్టు ఆవరణలో చూశాను. పక్కనున్న అతని భార్య నా మొహం చూసింది.

ఆ మనిషి కొట్టలేదు, తిట్టలేదు. నేల చూస్తూ చెప్పాడు.

"ఆ పొద్దు నేనూ తాగినా. యాడుంటినో నాకే తెలీదు. పోలీసులు చెప్తే, నేనే చేసినానేమో అనుకుంటాండా ఇన్నాళ్లు."

అని కండువాతో మొహం కప్పుకున్నాడు. ఏడ్చాడో, నవ్వాడో నాకు తెలియలేదు. తనను విడిపించే మాట విన్నాడు గానీ, నియమం ప్రకారం దాన్ని బయట వాడుకోవడానికి లేదు. వాడుకోలేదు కూడా.

మా ఆయనకు మాత్రం నిద్ర పట్టలేదు. నాయకుడి దగ్గరికి పోయి, తాను సాక్ష్యం చెప్పలేనన్నాడు. తాగి మాట్లాడుతున్నావా అని నాయకుడు అడిగాడట.

"తాగకుండానే చెప్తాండా, అన్నా."

"అదేరా నాకు భయంగా ఉండాది."

ఆ రోజే జీపు తాళాలు తీసేసుకున్నారు. నేను తలుపులకు గడియలు బిగించుకుని, ఎవరొస్తారోనని ఎదురుచూశాను. వచ్చినవి ఎన్నికలు. ఎదుటి పక్షం నాయకుడు మా నాయకుడి పార్టీలో చేరిపోయాడు. ప్రొద్దుటూరు సభలో ఇద్దరూ దండలేసుకుని కౌగిలించుకున్నారు. ఆ వారమే మా ఇంటికి నాయకుడి మనిషి వచ్చాడు, కోర్టులో ఏమి చెప్పాలో చెప్పడానికి. జీపు దానంతటదే బోల్తాపడిందని, ఎవర్నీ చూడలేదని చెప్పాలట.

మా ఆయన బోనెక్కి అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పాడు. కోర్టులో అందరూ అది రాజీ కోసం నేర్పిన అబద్ధమని అనుకున్నారు. కేసు కొట్టేశారు.

ఆ ఎన్నికల గెలుపు ఊరేగింపులో ఆయన ఒకసారి తాగాడు. తర్వాతి ఆదివారం సిగ్గుపడుతూ పోతే, ఎందుకు తాగావని ఎవరూ అడగలేదు. ఆ పాత ముద్దాయి పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆ తర్వాత ఆయన దువ్వూరులో ఒక రైతు దగ్గర ట్రాక్టరుకు కుదిరాడు. మళ్లీ తాగలేదు.

నాయకులు కలిసిపోయినా ఊళ్లు కలవలేదు. అందుకని ప్రొద్దుటూరు బస్టాండులో మా ఆయనా, ఆ పాత ముద్దాయీ ఎదురుపడితే ఇప్పటికీ మొహాలు తిప్పుకుంటారు. అతని భార్యా, నేనూ కూడా అంతే. చర్చి సందు మలుపు తిరిగాక నలుగురం కలిసి నడుస్తాం.